తెల్లపొగ

"మూడు బల్లలు ఖాళీగా ఉన్నాయేంటండీ?" అన్నారు త్రినాథరావు, హాల్‌టికెట్లు సరిచూస్తూ.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ జూనియర్ కాలేజీలో ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆయన. సొంతూరు కాకినాడ. వచ్చీ రాగానే టీ వద్దన్నారు. కిటికీలన్నీ తెరిపించారు. అలమరలోని సీసాలన్నీ తీసి చూసి, అమ్మోనియా సీసాకు లేబుల్ ఊడిపోయిందని లెక్చరర్ వేదవతిని పిల్లల ముందే మందలించారు. ఇలాంటివారు ఎదుట నిలబడితే పిల్లలకు వచ్చింది కూడా రాకుండా పోతుంది.

పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం బైఠాయించిన ముగ్గురు పిల్లల్ని పోలీసులు వ్యాన్‌లో ఎక్కించుకుపోయారని వేదవతి చెప్పింది. వారిలో ఒకడు శ్రవణ్‌కుమార్. అతని చిన్నాన్న కూతురు సుష్మిత అదే గదిలో, గుర్తించమని తనకిచ్చిన లవణాన్ని పరీక్షనాళికలో పోసుకుంటోంది.

"సాయంత్రానికి ఇడిసిపెడ్తరు సార్. రేపటికి పెట్టుండ్రి. లేకుంటే పిల్లల సంవత్సరం పోతది," అని బతిమాలింది వేదవతి.

"అలా కుదరదండీ. రానివాడికి ఆబ్సెంటే. పరీక్ష జరపలేని పరిస్థితి వస్తే తప్ప వాయిదా వేసే అధికారం నాకు లేదు."

మన పిల్లల గోస ఈయనకేం పట్టిందిలే అనుకుంది వేదవతి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అరగంట గడిచింది. రోడ్డు మీద నినాదాలు జోరుగా వినిపిస్తున్నాయి. ముందు ఎవరో దగ్గారు, తర్వాత అందరి కళ్లూ మండసాగాయి. టియర్ గ్యాస్ అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల కళ్లు మండితే ఎవరూ వేరే కారణం వెతికేవారు కాదు. అందరూ బయటి నల్లా దగ్గరికి పరుగెత్తారు. అందరికన్నా చివర త్రినాథరావు బయటికి వచ్చారు, ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని. రోడ్డు మీది నుంచి బాష్పవాయువు రావడం వల్ల పరీక్ష ఆపేశామని, బ్యాచ్ మొత్తానికీ రేపు మళ్లీ జరుపుతామని ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని రాసేశారు.

సుష్మితకు మాత్రం అనుమానం వచ్చింది. రోడ్డు మీద ఒక్కరూ దగ్గడం లేదు మరి. చున్నీ ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్లి, గాజు కడ్డీని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి ఎత్తిపట్టింది. కడ్డీ చివర దట్టంగా తెల్లపొగ లేచింది. వేదవతిని పిలిచి చూపించింది.

"మేడం, గిది టియర్ గ్యాస్ కాదు. అమ్మోనియా."

కిటికీ రెక్క చాటున, గాలి లోపలికి వీచే చోట, లేబుల్ లేని సీసా నోరు తెరుచుకుని ఉంది. బిరడా ఎంత వెతికినా దొరకలేదు. వేదవతి దూది కుక్కి సీసా మూసింది. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్న కోసం ఈ పిల్లే చేసిందని వేదవతికి నమ్మకం కుదిరింది. సుష్మితకూ మేడం మీద అదే నమ్మకం.

సంగతి ఎగ్జామినర్‌కు చెప్పడం వేదవతి ధర్మం. చెబితే గంటలో పరీక్ష మళ్లీ మొదలవుతుంది, ముగ్గురి సంవత్సరం మట్టిలో కలుస్తుంది. వేదవతి ఆ కడ్డీ అందుకుని నల్లా కింద శుభ్రంగా కడిగేసింది.

"నువ్వేం చూడలే బిడ్డా."

"మీరు కూడా ఏం చూడలే మేడం."

మర్నాడు ముగ్గురూ వచ్చారు. త్రినాథరావు వారిని ఏమాత్రం కనికరించలేదు. వాసన చూసి పేరు రాస్తే మార్కులు రావని, టెస్ట్ చేసి రుజువు చూపమని శ్రవణ్‌కుమార్‌కు చెమటలు పట్టించారు. సాయంత్రం మార్కుల కవర్‌కు సీలు వేశాక, వేదవతి మర్యాద కోసం టీ తెప్పించింది. ఈసారి ఆయన వద్దనలేదు.

తాగి లేస్తూ, జేబులోంచి గాజు బిరడా తీసి సాసర్‌లో పెట్టారు.