ఎడమ చెవిలో కూనిరాగం

వెర్లిన్‌కి చెవుడు లేదట. ఆయనే చెబుతాడు. టొలీడోలో ఆ వీధి వీధంతటికీ బాస్కెట్‌బాల్ స్కోరు వినిపించే పూచీ మాత్రం తనదే అనుకుంటాడు.

"పక్కింటివాళ్లు ఇక టీవీ అమ్మేసుకోవచ్చు" అనేది భార్య మార్లిస్.

జనవరిలో ఇల్లు వెచ్చబెట్టే హీటర్ ఆగిపోయింది. బాగుచేయడానికి ఎమ్మిట్ అనే ముసలాయన వచ్చాడు. ఇంటి కింది సెల్లార్‌లో పని చేసినంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. వరస చివర ప్రతిసారీ గొంతులో చిన్న ఎక్కిలి. వంటింట్లో సూప్ కలుపుతూ మార్లిస్ విని నవ్వుకుంది.

ఆయన పైకొచ్చేసరికి వెర్లిన్ తన పాత రికార్డు పెట్టుకున్నాడు. ఎమ్మిట్ టోపీ తీసి అక్కడే నిలబడిపోయాడు.

"ఈ పాట హెడ్‌ఫోన్స్‌తో విన్నారా సార్? రెండో చరణంలో, ఎడమ చెవిలో, పియానో వాయించేవాడు తనలో తాను పాడుకుంటుంటాడు."

"నలభై ఏళ్లుగా వింటున్నాను. అలాంటిదేం లేదు."

"గదిలో పెడితే వినపడదండీ. ఆ చరణం ఒక్కసారి మళ్లీ వేస్తారా?"

"పెద్దాయనా, నువ్వు హీటర్ సంగతి చూడు" అని వెర్లిన్ రికార్డు తీసేసి టీవీ పెట్టాడు.

ఎమ్మిట్ టోపీ పెట్టుకున్నాడు.

"అలాగేనండీ. గంటలో ఇల్లు వెచ్చబడుతుంది."

ఆయన వెళ్లాక మార్లిస్ అంది, "ఒక్కసారి వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నా రికార్డు గురించి నాకే చెబుతాడా?"

నవంబరులో మొగుడి పుట్టినరోజుకి మార్లిస్ హెడ్‌ఫోన్స్ కొంది. కానుక ఆయనకి, సుఖం తనకి.

ఇల్లు నిశ్శబ్దమైంది. ఆట ఇప్పుడు వెర్లిన్ తలలో మాత్రమే జరుగుతోంది. ఉన్నట్టుండి "వెయ్యరా" అని అరిస్తే ఆమె చేతిలో గరిటె జారేది.

ఒక ఆదివారం వాటితోనే పాత రికార్డు విన్నాడు. రెండో చరణం దగ్గర వేలెత్తి ఆగిపోయాడు. మళ్లీ విన్నాడు. మూడోసారీ విన్నాడు.

"ఉంది మార్లిస్. ఆ హీటరాయనకి ఫోన్ చెయ్యి. వచ్చి వినమను."

మార్లిస్ ఫోన్ చేసింది.

"ఎమ్మిట్ గారా?" అంది కంపెనీలో అమ్మాయి. "వేసవిలో పోయారండీ."

ఆ మాట మార్లిస్ చెప్పగానే వెర్లిన్ ఆ చరణం మళ్లీ వేశాడు. హెడ్‌ఫోన్స్ తీసి ఆమె చెవులకి పెట్టాడు.

ఎడమ చెవిలో, పియానో వెనక, సన్నటి కూనిరాగం. వరస చివర చిన్న ఎక్కిలి.

మార్లిస్ కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఈ గొంతు నేను విన్నాను. మన సెల్లార్‌లోంచే."

వెర్లిన్ రికార్డు అట్ట ముందూ వెనకా తిప్పి చూశాడు. పాడినామె ఫొటో ఉంది. పియానో వాయించినవాడి పేరు లేదు.

సెల్లార్ తలుపు వైపు తిరిగి, ఆ ఇంట్లో తనెన్నడూ మాట్లాడనంత మెల్లగా అన్నాడు:

"తప్పు నాదేనండీ, మాస్టారూ. మీ పాట గురించి మీకే చెప్పాను."