అతిథి ముందు మూలగని ఇల్లు

సింగరయ్య దవడ గుమ్మడికాయలా వాచింది. అయినా పన్ను పీకించుకోవడానికి వీల్లేదు. ఏ ఇంట్లో నొప్పిని ఎలా చెప్పుకుంటారో ఆసుపత్రి మనిషి ఆ ఇంట్లోనే ఉండి తేల్చాకే వైద్యమని కొత్త పద్ధతొకటి వచ్చి పడింది. చదువు ఎక్కువై, పని తక్కువైనవాళ్ల బుర్రల్లో పుట్టిన పద్ధతి అది.

అలా వచ్చిన హిమజది నెలనుంచీ వాళ్ల వసారాలోనే మకాం.

"నొప్పి ఎలా ఉందండీ?" అని ఆమె అడిగినప్పుడల్లా సింగరయ్య ప్రాణం ఉగ్గబట్టుకుని, "పర్లేదమ్మా, ఇంకాస్త గోంగూర వేసుకో" అనేవాడు. ఇంటికొచ్చిన మనిషి ముందు మూలిగితే చచ్చిన తాత లేచొచ్చి తిడతాడు. ఆమేమో ఈ ఇంట్లో నొప్పి లేదని కబురు పంపేది.

చివరికి భార్య శేషారత్నానికి తిక్క రేగింది. హిమజకు బొట్టు పెట్టి, చీర పెట్టి, "ఇవాళ్టినుంచి నువ్వు నా ఆడపడుచువి, పరాయిదానివి కాదు. ఏవయ్యా, ఇప్పుడు ఏడువు!" అంది.

సింగరయ్య పెట్టిన కేకకు వీధి కుక్కలు పరుగు తీశాయి.

"అన్నయ్యా, ఇంత నొప్పా!" అంటూ హిమజ కళ్లు తుడుచుకుని, మా అన్నయ్యకు వెంటనే పన్ను పీకాలని ఆసుపత్రికి ఫోన్ చేసింది.

చుట్టాల మాట చెల్లదన్నారు వాళ్లు. మర్నాడే కొత్త పరిశీలకుడు పెట్టెతో గుమ్మంలో దిగాడు.

సింగరయ్య చెంపకు కట్టుకున్న తువ్వాలు విప్పేసి, "రండి బాబూ, భోంచేశారా?" అన్నాడు.

హిమజ మంచినీళ్లు తెచ్చిచ్చి నవ్వింది.

"అన్నయ్యకేవండీ, రాయిలా ఉన్నాడు."