సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి

సర్కారు ఇంటింటికీ పెట్టిన వినే పెట్టెను మా చర్చి గోడకూ బిగించారు. పోయిన ఆదివారం ప్రసంగమయ్యాక, అలవాటుకొద్దీ, "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అన్నాను. సువార్తమ్మ లేచింది. ఒకప్పుడు సారా కాచానని, ప్రభువు మాన్పించాడని ఏడ్చింది. పెట్టెకు సాక్ష్యమంటే కోర్టులో చెప్పేదే. సోమవారం పొద్దున్నే పోలీసులొచ్చి ఆమెను పట్టుకుపోయారు.

ఈ ఆదివారం ఎవరూ నోరు విప్పలేదు. పాటలో "పాపిని" అన్నచోట కూడా పెదాలు బిగించారు.

"అయ్యగారూ, దీవెన చెప్పి పంపెయ్యండి," అని సంఘపెద్ద ఏసోబు గొణిగాడు. "దేవుడికన్నా అదే ముందు వింటోంది."

సువార్తమ్మను లేవమన్నది నేనే. పెట్టెవైపు తిరిగాను.

"నేనూ సాక్ష్యం చెబుతాను. ఆ సారా మొదట తాగింది నేనే."

ఒక్కరూ ఆమేన్ అనలేదు.