ఇది ఎన్నోది?

"కళ్ళు మూసుకోమన్నాను. రుమాలు కిందినుంచి తొంగి చూడమనలేదు."

కళ్ళజోళ్ళ డాక్టరు విసుక్కున్నాడు. నిజానికి ఆయన డాక్టరు కాదు, కళ్ళద్దాల దుకాణం నడుపుతాడు. రోజంతా అద్దాలు మారుస్తూ "ఇదా, ఇందాకటిదా, ఏది బాగుంది?" అని అడిగి అడిగి, ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు.

ఇంట్లో అద్దాల బదులు అయిదు ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి.

"చూడట్లేదు. త్వరగా వాయించండి, అవతల కూర మాడుతోంది" అంది భార్య, కళ్ళకు కట్టిన రుమాలు సర్దుకుంటూ.

ఆయన ఒక గిటారు అందుకుని, ఎప్పుడూ వాయించే ముక్కే వాయించాడు.

"ఇది ఎన్నోది?"

"రెండోది."

"నాలుగోది" అన్నాడు, వీధి చివరికి వినబడేలా. "పొద్దుట్నుంచీ వరసగా వినిపించాను కదే. ఒకటోది గొంతు సన్నం. రెండోది లావు. మూడోది లోపలంతా గుల్ల, మెత్తగా పలుకుతుంది. నాలుగోదానికి మీట ఉంది, నొక్కితే స్వరం వణుకుతుంది. అయిదోది తీగ ముట్టుకోకముందే గుయ్యిమంటుంది. ఇందులో తెలియనిదేముంది?"

"నాకన్నీ మిక్సీలాగే వినబడుతున్నాయండీ."

ఇదంతా సరదాకి కాదు. వచ్చే వారం అత్తగారు వీళ్ళ దగ్గరే ఉండిపోవడానికి వస్తోంది. ఉన్న రెండు గదుల్లో ఒకటి గిటార్లు ఆక్రమించాయి. భార్య ఖరాఖండిగా చెప్పేసింది.

"మీరు కాక ఇంకొక్క మనిషి, చూడకుండా, తప్పు లేకుండా ఏది ఏదో చెబితే అయిదూ ఉంచుకోండి. అమ్మకి హాల్లో మంచం వేస్తాను. లేదంటే ఒకటి ఉంచి, మిగతావి పంపించేయండి."

కాదనడానికి లేదు. కాకపోతే ఆ ఒక్క మనిషి దొరకాలి.

బావమరిదిని పిలిచాడు. వాడు అన్నిటికీ "మూడోది" అన్నాడు. ఏదో ఒకటి తగలకపోతుందా అని వాడి ధీమా.

"నీకు చెవులున్నది కళ్ళజోడు తగిలించుకోడానికేరా" అని తిట్టి పంపించాడు.

మూలిగే నక్క మీద తాటిపండులా, పై వాటాలోకి కొత్తగా దిగిన పెద్దాయనొకడు తయారయ్యాడు. ఆయన మొహం ఎవరూ చూడలేదు. చప్పుడు మాత్రం అందరికీ తెలుసు. కింద గిటారు మోగి ఆగడమే ఆలస్యం, పైన కర్రతో నేల మీద టకటకా బాదుతాడు. ఒక్కోసారి ఒక్క దెబ్బతో ఊరుకుంటాడు, ఒక్కోసారి కొడుతూనే ఉంటాడు.

"ఆయన కోపానికి ఓ పద్ధతంటూ లేదే" అని డాక్టరు పళ్ళు నూరాడు. "అసలే వినేవాడు లేక నేనేడుస్తుంటే, విననివ్వనివాడొకడు."

"పెద్దవాళ్ళండీ. నిద్ర పట్టదేమో."

"మిట్టమధ్యాహ్నం నిద్రేమిటి?"

ఆ ఆదివారం ఇక ఉండబట్టలేక మెట్లెక్కాడు. కోడలు తలుపు తీసింది.

"అమ్మా, మీ మామగారి చేతిలో ఆ కర్ర తీసేయండి."

"అది కాదండీ, ఆయన..."

"పెద్దాయన, ఒంట్లో బాగోదు, ఓపిక తక్కువ. ఇవేగా నువ్వు చెప్పేది? నాకూ ఓపిక తక్కువే. నా ఇంట్లో నా గిటారు మోగించుకోడానికి ఈయన అనుమతేమిటి?"

"ఒక్క మాట వినండి, ఆయన కోపంతో..."

"కోపం సంగతి నాకు తెలుస్తూనే ఉందమ్మా. కర్ర తీసేయండి."

సమాధానానికి ఆగకుండా దిగొచ్చేశాడు. ఆ రోజు నుంచి పైన చప్పుడు లేదు.

"చూశావా, గట్టిగా అడిగితే గానీ పనులు కావు" అన్నాడు భార్యతో.

ఆఖరి ఆశగా హోటల్లో గిటారు వాయించే స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. అతను రుమాలు కట్టించుకుని, తల పంకిస్తూ విని, మొదటిది చెప్పాడు. రెండోదాన్ని నాలుగోది అన్నాడు. నాలుగోదాన్ని అయిదోది అన్నాడు.

"నువ్వు కూడానా?" డాక్టరుకి ఏడుపొక్కటే తక్కువ.

"ఒరేయ్, ఆ తేడా ఎవడికి తెలుస్తుందిరా? నీ భ్రమ గానీ."

భార్య రుమాలు మడిచి లోపల పెట్టేసింది.

మర్నాడు ఒక వ్యాను వచ్చి నాలుగు గిటార్లు పట్టుకుపోయింది. మూడోది మాత్రం బీరువా వెనక్కి చేరింది. గదిలో అత్తగారి మంచం పడింది. ఆయన మళ్ళీ తీగ ముట్టుకోలేదు. ఒక్క గిటారుని దేనితో పోల్చాలి?

నెల తిరక్కుండానే పై వాటా పెద్దాయన పోయాడు. ఒకే కప్పు కింద ఉంటూ వెళ్ళకపోతే బాగోదని భార్య లాక్కెళ్ళింది.

"ఆ రోజు కాస్త తొందరపడి మాట్లాడాను, ఏమీ అనుకోవద్దమ్మా" అన్నాడు డాక్టరు, ఎటో చూస్తూ. "ఆయనకి మా గోల పడేది కాదు కదా."

"పడకపోవడమేంటండీ?" కోడలు ఆశ్చర్యపోయింది. "పక్షవాతంతో మాట పడిపోయాక ఆయనకి ఉన్న కాలక్షేపం అదొక్కటే. మీరు వాయించే వేళకి కుర్చీ కిటికీ దగ్గరికి జరపమని సైగ చేసేవారు. ఆ రోజు చెప్పబోయాను, మీరు వినలేదు."



భార్య అడిగింది. "మరి ఆ కర్రతో కొట్టడం?"

"కింద మీవారు 'ఇది ఎన్నోది' అని అడిగేవారు కదండీ, ఈయన ఎన్నోదైతే అన్ని దెబ్బలు కొట్టి, మీవారు పైకి చెప్పే జవాబు కోసం చెవి ఒగ్గి కూర్చునేవారు, ఒక్కసారి కూడా తప్పలేదు."