ఖాళీ బిళ్ల

“ఖాళీ బిళ్ల చుట్టూ కూడా క్రిములు చచ్చాయి సార్.”

థీసిస్ మీద సంతకం పెట్టబోతున్న గైడు ఆగిపోయాడు. పరిశోధక విద్యార్థిని గాజుపళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. పళ్లెం నిండా తెల్లగా క్రిములు, వాటి మధ్య చిన్న చిన్న కాగితపు బిళ్లలు. మందు అద్దిన బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి వలయం ఏర్పడితే ఆ మందు పనిచేసినట్టు. నాలుగేళ్లుగా ఆమె మైక్రోవేవ్‌లో తయారుచేసిన పదహారు మందులకూ వలయాలు వచ్చాయి. ఏ మందూ అద్దని బిళ్లకూ అంతే వలయం వచ్చింది.

“ఖాళీ బిళ్ల పెట్టమని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. పదహారుకి పదహారూ పనిచేస్తుంటే భయమేసింది.”

“పనిచేస్తే భయమేమిటి? రెండు రోజులు మరగాల్సింది ఆరు నిమిషాల్లో తయారవుతోంది. నేను నేర్పిన పద్ధతి అది!”

మైక్రోవేవ్ అంటే ఆయనకు కన్నకొడుకు కన్నా ఎక్కువ. ఈ గదిలోనే, చదువుకునే రోజుల్లో, అందులోనే ఆయన తన మందు కనిపెట్టాడు. దానికి వచ్చిన బంగారు పతకం గోడకు వేలాడుతోంది. ఉద్యోగం, పేరు, అన్నీ దాని వెనకే వచ్చాయి.

“బిళ్లల్లోనే ఏదో ఉంది సార్.”

“వెనకటికి ఎవరో ఆడలేక మద్దెల ఓడన్నారట! నీ చేతికేదో అంటుకుని ఉంటుంది. ఆ పళ్లెం పారెయ్. ఇవాళ థీసిస్ ఇవ్వకపోతే నీ గడువు అయిపోతుంది, తెలుసుగా?”

తెలుసు. పారేస్తే డాక్టరేట్. పారెయ్యకపోతే నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా పళ్లెం వదల్లేదు.

“నాలుగుసార్లు చేశాను సార్. కొత్త బిళ్లలు కొట్టించినా ఇంతే.”

“కొట్టేది ఆయమ్మేగా? పిలు!”

పక్కగదిలో గాజు గొట్టాలు కడుగుతున్న ఆయమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి.

“ఈ బిళ్లలు ఎలా చేస్తావు?”

“వడపోత కాగితానికి పంచింగ్ మిషన్‌తో చిల్లులు కొడతాను సార్. రాలిన బిళ్లల్ని మందునీళ్లలో నానేసి ఆరబెడతాను.”

“ఏం మందునీళ్లు?”

“బల్లలు తుడిచేవే. అవి తగిలితే పురుగూపుట్రా బతకదు,” గొప్పగా చెప్పింది ఆయమ్మ.

గైడు ముఖం జేవురించింది. “నీ శుభ్రం తగలెయ్య! ఈ పిల్ల నాలుగేళ్ల కష్టం మట్టిపాలు చేశావు. ఎవరు నానెయ్యమన్నారు నిన్ను?”

ఆయమ్మ బిక్కచచ్చిపోయింది.

“మీరే కదా సార్! ఇక్కడ చదువుకునేటప్పుడు, బిళ్లలకు బూజు పట్టిందని నన్ను తిట్టారు. ఆ రోజునుంచీ నానేస్తున్నాను. ఆ మర్నాటి నుంచే కదా సార్, మీ మందు పనిచెయ్యడం మొదలుపెట్టింది!”