వంకలేని ప్లేటు

"ఇవాళైనా ఒక ప్లేటు పాసవుతుందా, బాబాయ్‌గారూ?"

ఉక్కు యార్డు యజమానురాలు గేటు దగ్గరే నవ్వుతూ అడిగింది. ఆయన ఆమె తండ్రికి స్నేహితుడు. అందుకే ఆ వరస. ఓడలు కట్టే కంపెనీకి ప్లేట్లు ఎంచి ఎంచి తల పండినవాడు.

"నాదేముంది తల్లీ! అది ప్లేటు చేతిలో ఉంది."

"జీపేదీ? మళ్లీ రిపేరా?"

"దాని బాధ ఎప్పుడూ ఉండేదేగా. బస్సులో వచ్చేశాను."

ఇస్త్రీ చొక్కా, నెత్తిన హెల్మెట్, భుజాన సంచీ. సంచీలో చిన్న సుత్తి, మందం కొలిచే గేజి, సుద్దముక్కలు, ఒక్కరికి సరిపోయే టిఫిన్ డబ్బా. డబ్బా ఆయనే కట్టుకుంటాడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన కాకుండా నోరు విప్పేది ప్రెషర్ కుక్కరొక్కటే. అదీ పొద్దున పూటే.

ఆయన ముందుకు నడిచాడు. ఆమె వెనక్కి తగ్గి, షెడ్డు వెనక ఆగి ఉన్న లారీ దగ్గరికి వెళ్లింది. అది ఓడల కంపెనీ లారీ. డ్రైవరు విసుగ్గా స్టీరింగు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"ఇంకెంతసేపమ్మా?"

"ఆయన ఓకే రాసేదాకా ఆగు నాయనా. ఇటు వెనకే ఉండు. నువ్వు కంటపడితే ఆయన్ని తొందరపెట్టినట్టుంటుంది."

యార్డులో అందరూ ఆయన్ని చాటుగా వంకల బాబాయ్ అంటారు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని క్రేన్ డ్రైవరు అభిప్రాయం. వారం వారం రావడం, ప్లేట్లు తిరగేయించడం, సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు గీయడం, పోవడం. అలాగని లేని వంక ఏనాడూ చెప్పలేదు. గోటికి తగిలే గుంట, అంచున వెంట్రుకంత చీలిక, ఒక మూల పల్చబడ్డ మందం, ఏదో ఒకటి నిజంగానే ఉండేది. చూపించి మరీ గీసేవాడు.

నిజానికి ఆయనకు కావలసింది కూడా ఆ ఇంటూ గుర్తే. అది పడితే వచ్చే వారం ఇంకో దొంతర చూడటానికి రావచ్చు. ఈ అమ్మాయి ఇచ్చే టీ తాగుతూ కాసేపు మాట్లాడొచ్చు. ఓకే పడితే పనైపోతుంది. పనైపోతే మిగిలేది ఇల్లు, కుక్కరు.

ఆ రోజు చిక్కల్లా ఆ దొంతరే. వంకలున్న వాటినన్నిటినీ ఆమె ఈసరికే చూపించేసింది. ఇక మిగిలింది ఇదొక్కటే.

క్రేన్ ఒక ప్లేటు ఎత్తి దిమ్మెల మీద పరిచింది. ఆయన సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. లోపల పొర విడిపోయి ఉంటే బొంగురుగా మోగుతుంది. ఇది గుడి గంటలా మోగింది. మధ్యలో కొట్టాడు, మూలల్లో కొట్టాడు. అదే మోత.

"కార్బను ఎలా ఉందంటావు?" ఆశగా అడిగాడు.

"ఎంతుండాలో అంతే, బాబాయ్."

"అది కూరలో ఉప్పులాంటిదమ్మా. ఎక్కువైతే వెల్డింగు దగ్గర చిట్లుతుంది."

"ఎక్కువవలేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. మోకాళ్ల మీద వంగి అంచులన్నీ వేలితో తడిమాడు. గేజి పెట్టి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. వంక లేనమ్మ డొంక పట్టుకు వేలాడిందన్నట్టు, చివరికి ప్లేటు మీద అచ్చుగుద్దిన నంబరు వంకరగా ఉందేమోనని కూడా చూశాడు. అదీ తిన్నగానే ఉంది. కింద ఉన్నవి ఒక్కొక్కటే ఎత్తించి చూశాడు. అన్నీ ఒక తల్లి పిల్లలే.

చివరి ప్లేటు దగ్గర సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క అడ్డగీత, దాని మీద ఇంకో గీత. అంతే పని. ఎవరడుగుతారు? చెయ్యి సగం దాకా వెళ్లింది కూడా. కానీ చెడ్డదాన్ని మంచిదనడం ఎలా రాదో, మంచిదాన్ని చెడ్డదనడం కూడా ఆ చేతికి రాదు. జీవితంలో అలవాటు లేని పని.

ఓకే అని రాశాడు. సుద్దముక్క సంచీలో వేసుకున్నాడు.

"అన్నీ బావున్నాయి తల్లీ," అన్నాడు తల ఎత్తకుండా. "ఇక నాకు ఇక్కడ పనిలేదు."

"ఎందుకు లేదూ? వచ్చే వారం కొత్త సరుకు దిగుతోంది. మీరు చూడకపోతే ఎలా?"

"అదీ ఇలాగే ఉంటే?"

"ఉండదులెండి. కాస్త వంకలున్నదే తెప్పిస్తాను."

ఆయన నవ్వాడు. కళ్లు మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. టీ తాగి, డబ్బా సర్దుకుని, బస్సు వేళవుతోందంటూ గేటు దాటాడు. ఆమె వీధి మలుపు దాకా చూస్తూ నిలబడింది. తర్వాత లారీని రమ్మని చెయ్యి ఊపింది.

డ్రైవరు దిగి వస్తూ, మలుపు తిరుగుతున్న ఆ హెల్మెట్టును తేరిపార చూశాడు. తర్వాత ప్లేటు మీది సుద్ద రాతను చూశాడు.

"అమ్మా, మా కొత్త ఆఫీసరు పోయిన వారమే చూసి కొనేసిన ప్లేట్ల మీద, ఎప్పుడో రిటైరైపోయిన మా పాత సారు ఓకే రాసేదాకా నన్నెందుకు ఆపారు?"