జీన్సు బొంత

"సంచి మూతి తెరిచి పట్టుకో మామా," అన్నాను, మా కుక్క కరియాను మెడ పట్టి లాగుతా.

మామ ఆదెప్ప తెరవలేదు. పక్కింటి ఎనుమును చూడ్డానికొచ్చిన పశువుల డాక్టరు అజ్మతుల్లా సార్‌ను పిలుచుకొచ్చినాడు.

"యాడికమ్మా కుక్కను?"

"ఊరి బయట వదిలేస్తాం సార్. దీనికి గజ్జి. నా ఆర్నెల్ల బిడ్డకు గూడా అంటించింది. వీపంతా దద్దుర్లు, ఒకటే ఏడుపు."

"ఏడేండ్లుగా ఇల్లు కాస్తాంది సార్," మామ గొణిగినాడు.

డాక్టరు కరియాను వెల్లకిలా తిప్పినాడు. "గజ్జి అయితే చెవుల అంచులకు ముందు పట్టాల. అవి బాగుండాయి. పొట్ట ఒక్కటే కందింది. దేనిమీద పండుకుంటాది?"

"బొంత మీద. మా ఫ్యాక్టరీలో మిగిలిన జీన్సు ముక్కలతో నేనే కుట్టినా."

"ఉతికినావా?"

"యాడ ఉతికేది సార్? కొళాయి వారానికొకసారి వస్తాది."

ఆయన తడి దూదితో కరియా పొట్ట తుడిచినాడు. దూది నీలమైంది.

"ఆ రంగు పడలేదమ్మా దీనికి. బొంత తీసేసి, దీని పొట్ట మంచినీళ్లతో కడుగు. పూతమందు రాసిస్తా."

ఉయ్యాల కాడికి ఉరికి బిడ్డను ఎత్తుకున్నా. తెల్ల తువ్వాలు తడిపి వీపు తుడిచినా.

తువ్వాలూ నీలమైంది. ఉయ్యాలలో పరిచింది గూడా ఆ ముక్కలతోనే కుట్టిన ఇంకో బొంత.

"బిడ్డను ఈపొద్దే పిల్లల డాక్టరుకు చూపించు," అన్నాడు సార్.

మామ సంచి పట్టుకోని అట్లే నిలబడినాడు. "ఇప్పుడు దీంట్లో ఏం వేయాలమ్మా?"

"రెండు బొంతలూ వెయ్ మామా."